మా ఇంటి డీఎన్ఎస్‌కి అబద్ధమాడటం నేర్పిన కథ

పోయిన వేసవిలో డల్లాస్‌లో ఉండే మా బావ ఒక స్క్రీన్‌షాట్ పంపాడు. తన ఆండ్రాయిడ్ ఫోన్‌లో ఐపీ అడ్రస్ 192.0.0.4 అని ఉంది. "ఇదేం అడ్రస్ రా బామ్మర్దీ, నా పక్క సీట్లో వాడి ఫోన్‌లో కూడా అచ్చం ఇదే ఉంది, ఇద్దరికీ ఒకే నంబరు ఎలా ఇచ్చారు?" అని అడిగాడు. ఆయనది టీ-మొబైల్ సిమ్. వాళ్ళు ఫోన్లకి ఐపీవీ4 (పాత రకం) అడ్రస్ ఇవ్వడం ఎప్పుడో మానేశారు, ఐపీవీ6 (కొత్త రకం) ఒక్కటే ఇస్తారు, పాత యాప్‌లు బెంబేలు పడకుండా ఫోనే తనలో తాను ఒక ఉత్తుత్తి ఐపీవీ4 అడ్రస్ పెట్టుకుంటుంది, అది ఫోన్ దాటి బయటికి రాదు కాబట్టి ఊళ్ళో అందరికీ అదే ఉన్నా గొడవ లేదు, అని అరగంట ఫోన్లో చెప్పాను. ఆయన విన్నాడో లేదో తెలీదు కానీ, చెబుతుంటే నాకే అర్థమైంది, ఇదంతా నేను చదివిందే తప్ప ఒక్కసారి కూడా చేత్తో చేసి చూసింది కాదని.

నిజాంపేటలో మా ఫ్లాట్‌లో మూలన పడి ఉన్న పాత డెస్క్‌టాప్ ఒకటుంది. దాన్ని దులిపి డెబియన్ లైనక్స్ వేశాను. అనుకున్నదల్లా ఒకటే: ఇంట్లో ఇంకో వైఫై పెట్టాలి, అందులో ఐపీవీ4 అనేదే ఉండకూడదు, అయినా అన్ని సైట్లూ తెరుచుకోవాలి. దానికోసం ఇంటి డీఎన్ఎస్‌కి, అంటే సైట్ పేరు అడిగితే దాని అడ్రస్ చెప్పే సర్వర్‌కి, అబద్ధమాడటం నేర్పాలి.

ముందు కాస్త వెనక్కి వెళ్తాను, రెండు నిమిషాలే. ఐపీవీ4 అడ్రస్ అంటే 32 బిట్లు, మొత్తం కలిపి 430 కోట్లకి కొంచెం అటూ ఇటూ. ప్రపంచానికంతా పంచిపెట్టే ఐయానా దగ్గర గంప ఖాళీ అయింది 2011 ఫిబ్రవరి 3న. మన ఆసియా పసిఫిక్ వాటా చూసే ఏపీనిక్ ఏప్రిల్ 15న ఆఖరి ముక్కకి వచ్చేసి రేషన్ మొదలుపెట్టింది. సరిగ్గా అదే ఏప్రిల్‌లో రెండు ప్రమాణాలు బయటికొచ్చాయి, ఆర్ఎఫ్‌సీ 6146, ఆర్ఎఫ్‌సీ 6147. మొదటిది నాట్64, ఐపీవీ6 ప్యాకెట్లని, అంటే డేటా మూటల్ని, ఐపీవీ4లోకి మార్చేది; రెండోది డీఎన్ఎస్64. వీటికి ముందు 2000లో నాట్-పీటీ అని ఒకటుండేది, అడ్రస్ మార్చే పెట్టే మధ్యలో పోయే డీఎన్ఎస్ జవాబుల్ని కూడా పట్టుకుని దిద్దేది. అది అన్ని రకాలుగా చిక్కులు తెచ్చిపెట్టి 2007లో అటకెక్కింది. కొత్త పద్ధతిలో ఆ రెండు పనుల్నీ విడదీశారు: మాట మార్చేది ఒకరు, మూట మోసేది ఇంకొకరు.

ఈ మాట మార్చేవాణ్ణి నేను పెళ్ళిళ్ల పేరయ్యలా ఊహించుకుంటాను. వెయ్యి అబద్ధాలాడి అయినా ఒక పెళ్ళి చెయ్యమన్నారు కదా, డీఎన్ఎస్64 చేసేది అదే, కాకపోతే ఆడే అబద్ధం ఒకటే. లాప్‌టాప్ వచ్చి "ఫలానా సైట్‌కి ఐపీవీ6 అడ్రస్ ఉందా?" అని అడుగుతుంది. దీన్నే క్వాడ్-ఏ రికార్డు అడగడం అంటాం. సర్వర్ వెళ్ళి వెతుకుతుంది, నిజంగా ఉంటే ఉన్నదున్నట్టు ఇచ్చేస్తుంది. లేకపోతే ఊరుకోదు, ఆ సైట్ ఐపీవీ4 అడ్రస్ తెచ్చి, దాని ముందు ఒక ప్రిఫిక్స్, అంటే అడ్రస్ ముందు భాగం, తగిలించి, "ఇదిగో, అబ్బాయికి ఐపీవీ6 ఉంది" అని చెప్పేస్తుంది. లాప్‌టాప్ నమ్మి ఆ అడ్రస్‌కి ప్యాకెట్ పంపుతుంది. ఆ ప్రిఫిక్స్ ఉన్న ప్యాకెట్లన్నీ నాట్64 పెట్టె దగ్గరికి చేరేట్టు రూటింగ్ ఉంటుంది, అది చివరి 32 బిట్లు చూసి అసలు ఐపీవీ4 అడ్రస్ తీసుకుని అటువైపు వెళ్ళి మాట్లాడి వస్తుంది. ఒక్క పేరయ్య ఉండి నాట్64 లేకపోతే ముహూర్తం పెట్టుకుని పెళ్ళికూతురు లేనట్టే. నేను మొదటిరోజు అదే చేశాను, పింగ్ కొడితే అడ్రస్ వస్తోంది, జవాబు రావట్లేదు, గంట సేపు ఫైర్‌వాల్‌ని తిట్టుకున్నాను.

ఆ ప్రిఫిక్స్‌కి అందరూ వాడుకోమని ఒకటి కేటాయించి ఉంది: 64:ఎఫ్ఎఫ్9బి::/96. (ఈ పోస్టులో అన్నీ తెలుగు అక్షరాల్లోనే రాస్తున్నాను, కాన్ఫిగ్ ఫైల్లో మాత్రం మామూలుగా ఇంగ్లిష్‌లోనే కొట్టాలి, కాపీ చేసి పేస్ట్ చేసి నన్ను తిట్టకండి.) ఉదాహరణకి 192.0.2.33 అనే అడ్రస్ తీసుకుంటే, 192 అంటే హెక్సాలో (16 అంకెల లెక్కలో) సి0, 0 అంటే 00, 2 అంటే 02, 33 అంటే 21. కలిపితే 64:ఎఫ్ఎఫ్9బి::సి000:221 (0221లో ముందున్న సున్నా రాయరు). అంతే, ఇందులో మాయమంత్రం ఏమీ లేదు, పాత అడ్రస్ చెక్కుచెదరకుండా కొత్త అడ్రస్ తోకలో కూర్చుంటుంది. కళ్ళతో చూసి చేతివేళ్ళ మీద లెక్కపెట్టి విప్పుకోవచ్చు, డీబగ్ చేసేటప్పుడు ఇది ఎంత ఉపయోగమో తర్వాత తెలుస్తుంది.

డీఎన్ఎస్ సర్వర్‌గా బైండ్ అనే ప్రోగ్రాం పెట్టాను. అన్‌బౌండ్ అనే ఇంకో ప్రోగ్రాంలో కూడా ఈ సదుపాయం ఉంది, మాడ్యూల్-కాన్ఫిగ్ లైన్లో డీఎన్ఎస్64 పేరు వ్యాలిడేటర్ కంటే ముందు రాయాలి, అదొక్కటి గుర్తుంటే చాలు. నాకు బైండ్ చేతికి అలవాటు. ఆప్షన్స్ ఫైల్లో డీఎన్ఎస్64 అని రాసి, పక్కన ప్రిఫిక్స్ రాసి, మీసాల బ్రాకెట్లు తెరిచి మూసి సెమీకోలన్ పెడితే పని అయిపోతుంది. నాట్64 కోసం జూల్ వాడాను, ఇది మెక్సికో నిక్ వాళ్ళు రాసిన కెర్నల్ మాడ్యూల్. దానికి పూల్6 కింద అదే ప్రిఫిక్స్ ఇవ్వాలి. ఇక్కడ ఇచ్చిందీ బైండ్‌లో రాసిందీ ఒక్క అక్షరం తేడా లేకుండా ఉండాలి, లేకపోతే పేరయ్య చెప్పిన ఊరు ఒకటి, బండి వెళ్ళే ఊరు ఇంకొకటి అవుతుంది.

అంతా సరిగ్గా ఉందా అని చూడటానికి ఒక చక్కటి పేరు ఉంది, ఐపీవీ4ఓన్లీ.ఆర్పా. దీనికి 192.0.0.170, 192.0.0.171 అని రెండే రెండు ఐపీవీ4 అడ్రస్‌లు ఉంటాయి, ఐపీవీ6 ఎప్పటికీ ఉండదు. కాబట్టి డిగ్ అనే, డీఎన్ఎస్‌ని అడిగి చూసే కమాండ్‌తో దాని క్వాడ్-ఏ అడిగితే జవాబు వచ్చిందంటే మధ్యలో ఎవరో అబద్ధమాడుతున్నారని అర్థం! నాకు 64:ఎఫ్ఎఫ్9బి::సి000:ఏఏ, పక్కన ఏబి అని రెండూ వచ్చాయి. అబద్ధం దొరికినందుకు అంత సంతోషపడటం అదే మొదటిసారి.

ఆ సంతోషం సాయంత్రం దాకానే. ఏడింటికి నాన్న టీవీలో సినిమా పెట్టుకున్నారు, నిమిషానికోసారి గిరగిరా తిరగడం మొదలైంది. "ఏరా, నెట్‌లో ఏమన్నా కెలికావా?" అని హాల్లోంచి కేక. టీవీ ఉన్నది మామూలు వైఫైలో, కొత్త దాంట్లో కాదు, దానికీ నా పనికీ సంబంధం లేదు నాన్నా అని ధీమాగా చెప్పాను. చూస్తే మొత్తం సంబంధం ఉంది. పాత వైఫైకి కూడా అదే బైండ్ సర్వర్. నేను క్లయింట్స్ అనే లైన్ రాయలేదు, రాయకపోతే అడిగిన ప్రతివాడికీ అబద్ధం చెప్పేస్తుంది. రెండు రకాల అడ్రస్‌లూ ఉన్న టీవీకి ఐపీవీ4 సైట్‌కి కూడా ఐపీవీ6 ఉందని చెబితే, అలాంటి పరికరాలు ఐపీవీ6కే మొగ్గు చూపుతాయి కాబట్టి, ఇంటి ట్రాఫిక్‌లో సగం ఆ ముసలి డెస్క్‌టాప్ నెత్తిన పడింది. దాని నెట్‌వర్క్ కార్డు 100 మెగాబిట్‌ది. పైగా మా నెట్ కంపెనీ ఐపీవీ4ని 100.64 తో మొదలయ్యే ఉమ్మడి అడ్రస్‌ల వెనకే ఇస్తుంది, అంటే నా పెట్టెలో ఒక అడ్రస్ మార్పు, రూటర్‌లో ఇంకోటి, వాళ్ళ దగ్గర మూడోది. క్లయింట్స్ బ్లాక్‌లో కొత్త వైఫై సబ్‌నెట్ (దాని అడ్రస్‌ల గుంపు) ఒక్కటే రాసి రీలోడ్ కొట్టాను, సినిమా ఆడింది. ఎవరికి అబద్ధం చెప్పాలో చెప్పకుండా అబద్ధాలవాణ్ణి కూర్చోబెట్టకూడదు, అంతే.

కొత్త వైఫైలో డీఎన్ఎస్ అడ్రస్‌ని రూటర్ ప్రకటనల్లోనే పంపాలి. ఆండ్రాయిడ్ ఫోన్లు దీన్ని డీహెచ్‌సీపీవీ6 (సెట్టింగులు అడిగి తెచ్చుకునే పద్ధతి) ద్వారా అడగవు, కాబట్టి ఆ ప్రకటనలు పంపే ఆర్ఏడీవీడీ ప్రోగ్రాంలో ఆర్‌డీఎన్ఎస్ఎస్ అనే డీఎన్ఎస్ లైన్ రాయాలి. దాని కొత్త వెర్షన్లలో నాట్64 ప్రిఫిక్స్‌ని కూడా ప్రకటనలో పెట్టొచ్చు, 2020లో వచ్చిన ఆర్ఎఫ్‌సీ 8781 అది. రెండూ పెట్టాను. అమ్మ ఫోను, నాన్న ఫోను రెండూ ఒక్క మాట అనకుండా ఎక్కేశాయి. వాళ్ళకి తెలియను కూడా తెలియదు.

ఇక అసలు కథ. నెలాఖరులో నాన్న ఒక బిల్లు కట్టే సైట్ తెరవమన్నారు, పేరు అక్కర్లేదు. నా లైనక్స్ లాప్‌టాప్‌లో కొడితే "ఈ సైట్ దొరకలేదు" అంటోంది. నాన్న ఫోన్‌లో అదే వైఫైలో, అదే డీఎన్ఎస్‌తో, హాయిగా తెరుచుకుంటోంది. "నా ఫోన్లో వస్తోందిగా" అని నాన్న నాకు నా ముఖం మీదే చూపించారు. మిగతా సైట్లన్నీ లాప్‌టాప్‌లో బాగానే ఉన్నాయి. ఇలాంటి తేడానే నాకు నిద్ర పట్టనివ్వదు.

జూల్‌ని అనుమానించాను, టీసీపీడంప్ (వచ్చిపోయే ప్యాకెట్లు చూపించే పనిముట్టు) పెట్టి చూస్తే ఆ సైట్‌కి ఒక్క ప్యాకెట్ కూడా జూల్ దాకా రావట్లేదు. అంటే మూట మోసేవాడి తప్పు కాదు, మాట దగ్గరే ఆగిపోయింది. డిగ్‌తో ఆ పేరుకి "ఏ" రికార్డు, అంటే మామూలు ఐపీవీ4 అడ్రస్ అడిగాను, చక్కగా వచ్చింది. క్వాడ్-ఏ అడిగాను. స్టేటస్ దగ్గర ఎన్ఎక్స్‌డొమైన్ అని ఉంది. మొదట దాన్ని పట్టించుకోలేదు, ఐపీవీ6 లేదు కాబట్టి లేదంటోంది అనుకున్నాను. పావుగంట తర్వాత టీ తాగుతుంటే వెలిగింది.

డీఎన్ఎస్‌లో "లేదు" అనడానికి రెండు రకాలు. ఒకటి, స్టేటస్ నోఎర్రర్ అని ఉండి జవాబు ఖాళీగా రావడం, అంటే ఇల్లు ఉంది, మీరడిగిన మనిషి లేడు అని. రెండోది ఎన్ఎక్స్‌డొమైన్, అంటే అసలు ఆ ఇల్లే లేదు అని. ఐపీవీ6 లేని సైట్ మొదటిది చెప్పాలి. ఆ సైట్ ముందున్న డీఎన్ఎస్ సర్వరో లోడ్ బ్యాలెన్సరో ఏదో, "ఏ" రికార్డు అడిగితే ఇల్లు చూపించి, క్వాడ్-ఏ అడిగితే ఆ ఇల్లే లేదంటోంది. డీఎన్ఎస్64 ప్రమాణంలో ఏముందంటే, ఖాళీ జవాబొస్తే అబద్ధం తయారుచెయ్యి, ఎన్ఎక్స్‌డొమైన్ వస్తే మాత్రం అలాగే ఇచ్చెయ్యి. న్యాయమే, లేని ఇంటికి సంబంధం ఎలా కుదురుస్తాడు? నా బైండ్ రూల్ ప్రకారమే నడుచుకుంది, అవతలివాళ్ళు తప్పుడు సమాధానం చెప్పారు.

మరి నాన్న ఫోన్‌లో ఎలా వచ్చింది? బావ స్క్రీన్‌షాట్ గుర్తుందా. ఆండ్రాయిడ్ ప్రిఫిక్స్ తెలుసుకోగానే లోపల క్లాట్ అనే, ఐపీవీ4ని ఐపీవీ6లోకి మార్చే దాన్ని లేపుతుంది, ఆ 192.0.0.4 పుట్టేది అక్కడే. దీనంతటికీ కలిపి 464ఎక్స్‌లాట్ అని పేరు, 2013లో వచ్చిన ఆర్ఎఫ్‌సీ 6877. అంటే ఫోన్ తనకి ఐపీవీ4 కూడా ఉందనుకుంటుంది, కాబట్టి "ఏ" రికార్డు కూడా అడుగుతుంది, దానికి సరైన జవాబొస్తుంది, తనే ప్యాకెట్‌ని ఐపీవీ6లోకి మార్చి జూల్‌కి పంపిస్తుంది. పేరయ్య ఊసే లేకుండా పని జరిగిపోయింది. నా లాప్‌టాప్‌కి క్లాట్ లేదు, అది పూర్తిగా పేరయ్య మాట మీదే బతుకుతోంది.

ఈ రకం తప్పుడు సర్వర్ల గురించి 2005లోనే ఆర్ఎఫ్‌సీ 4074 అని ఒకటి రాసిపెట్టారు, ఇదే జబ్బు, ఇవే లక్షణాలు. ఇన్నేళ్ళైనా ఎందుకు బాగుపడలేదంటే, ఐపీవీ4 కూడా ఉన్నవాళ్ళకి నొప్పి తెలియదు కాబట్టి. వాళ్ళ బ్రౌజర్ రెండూ ఒకేసారి అడిగి, వచ్చిన దాంతో సర్దుకుంటుంది. ఆ సైట్ వాళ్ళకి డిగ్ ఫలితాలు రెండూ పెట్టి మెయిల్ రాశాను. "బ్రౌజర్ క్యాష్ క్లియర్ చేసి మళ్ళీ ప్రయత్నించగలరు" అని జవాబొచ్చింది. మళ్ళీ రాశాను. ఫిర్యాదు పరిష్కరించబడినది అని మెసేజ్ వచ్చింది.

సరే, మనమే ఏదో చేసుకుందాం అని బైండ్‌లో ఆ పేరు మీదే ఒక బుల్లి జోన్ (మనమే జవాబులు రాసుకునే ఫైలు) పెట్టి అందులో "ఏ" రికార్డు ఒక్కటే రాశాను. ఇప్పుడు క్వాడ్-ఏ అడిగితే నా జోన్ ఖాళీ జవాబిస్తుంది, డీఎన్ఎస్64 దాన్ని పట్టుకుని అడ్రస్ తయారుచేస్తుంది. తెరుచుకుంది. రాత్రి పన్నెండున్నర. నాన్న అప్పటికే ఫోన్‌లోంచి బిల్లు కట్టేసి పడుకున్నారు.

దీనికి తిరగేసిన కేసు ఇంకోటి తగిలింది, ఐపీవీ6 అడ్రస్ గొప్పగా ప్రకటించుకుని వెనక సర్వర్ మాత్రం పలకని సైట్. నిజం అడ్రస్ ఉంది కాబట్టి డీఎన్ఎస్64 అందులో తలదూర్చదు. బైండ్‌లో ఎక్స్‌క్లూడ్ అని ఒక బ్లాక్ ఉంది, ఆ చచ్చిన అడ్రస్‌ల రేంజ్ అందులో రాస్తే వాటిని లేనట్టే లెక్కేసి ఐపీవీ4 నుంచి తయారుచేసి ఇస్తుంది. దీనికి రెండు నిమిషాలు పట్టింది, మొదటిదానికి రెండు రాత్రులు.

డీఎన్ఎస్ఎస్ఈసీ, అంటే డీఎన్ఎస్ జవాబులకి డిజిటల్ సంతకం పెట్టే పద్ధతి, దాని సంగతి కూడా చెప్పాలి. లాప్‌టాప్‌లో డీఎన్ఎస్ అడిగి పెట్టే సిస్టమ్‌డీ-రిజాల్వ్‌డ్‌ని సంతకాలు తనే సరిచూసేట్టు పెట్టుకున్నాను ఎప్పుడో, మర్చిపోయాను. సంతకం ఉన్న డొమైన్‌కి మనం కల్పించిన అడ్రస్‌కి ఎవరు సంతకం పెడతారు? అందుకే సంతకాలు కావాలని అడిగినవాళ్ళకి బైండ్ మామూలుగా అబద్ధం చెప్పదు. బ్రేక్-డీఎన్ఎస్ఎస్ఈసీ అని ఆప్షన్ ఉంది కానీ పేరు వింటేనే చెయ్యి వెనక్కి పోయింది. లాప్‌టాప్‌లో సంతకాలు సరిచూడటం మానేసి ఆ పని బైండ్‌కే వదిలేశాను, అది ముందు నిజాన్ని సరిచూసుకుని ఆ తర్వాతే అబద్ధం తయారుచేస్తుంది. బ్రౌజర్లో డీఎన్ఎస్‌ని హెచ్‌టీటీపీఎస్ మీద పంపే సెట్టింగ్ ఉంటే అది ఇంట్లోని బైండ్‌ని దాటిపోతుంది కాబట్టి అదీ తీసెయ్యాలి, లేదా గూగుల్, క్లౌడ్‌ఫ్లేర్ ఇద్దరికీ విడిగా డీఎన్ఎస్64 సర్వర్లు ఉన్నాయి, 64:ఎఫ్ఎఫ్9బి ప్రిఫిక్స్‌తోనే జవాబిస్తాయి, నాట్64 మాత్రం మన దగ్గరే ఉండాలి.

ఇంకో మాట, ఇంట్లోని 192.168 అడ్రస్‌లకి ఆ ప్రిఫిక్స్ వాడొద్దని ప్రమాణంలోనే రాసి ఉంది. బైండ్‌లో మ్యాప్డ్ బ్లాక్‌లో ప్రైవేటు అడ్రస్‌లు తప్ప మిగతావన్నీ అని రాసుకుంటే సరి. మా ప్రింటర్‌కి ఐపీవీ6 రాదు, దాన్ని పాత వైఫైలోనే ఉండనిచ్చాను, ప్రింట్ కావాలంటే వైఫై మార్చుకోవడమే. దీనికోసం ఇంకో ప్రిఫిక్స్ పెట్టి కుస్తీ పట్టే ఓపిక లేదు.

మూడు నెలలు అలా నడిచింది. పోయిన నెలలో నాన్న ఫోన్లో కూడా ఆ బిల్లు సైట్ ఆగిపోయింది. పాత వైఫైలో కూడా. "ఇప్పుడు దేన్ని కెలికావు?" అన్నారు. ఏమీ కెలకలేదు, ఈసారి నిజంగానే. రాత్రి చూస్తే సైట్ వాళ్ళు ఐపీవీ4 అడ్రస్ మార్చుకున్నారు, నా బుల్లి జోన్ మాత్రం ఇంటిల్లిపాదికీ పాత అడ్రస్సే చెబుతోంది. ఎన్ఎక్స్‌డొమైన్ తప్పు అలాగే ఉంచారు, అది వేరే సంగతి. ఆ నెల బిల్లు నాన్న మీసేవకి నడిచి వెళ్ళి కట్టొచ్చారు, దారిలో కూరగాయలు కూడా తెచ్చారు.

జోన్ తీసేశాను. లాప్‌టాప్‌లో క్లాట్‌డీ అనే చిన్న ప్రోగ్రాం వేశాను, అది ఐపీవీ4ఓన్లీ.ఆర్పాని అడిగి ప్రిఫిక్స్ తనే కనుక్కుని ఫోన్లలాగే లోపల ఒక ఉత్తుత్తి ఐపీవీ4 పెట్టుకుంటుంది. బిల్లు సైట్ తెరుచుకుంది. నా లాప్‌టాప్ అడ్రస్ కూడా ఇప్పుడు 192.0.0 తోనే మొదలవుతుంది, స్క్రీన్‌షాట్ తీసి బావకి పంపాను. "నీకూ టీ-మొబైలేనా?" అని అడిగాడు.